ఓకే: పత్రికలో పుట్టి, ఎన్నికల్లో బతికిన మాట

‘ఓకే’ ఎవరి మాట అన్న వాదన మళ్లీ మొదలైంది. అమెరికా మూలవాసులైన చోక్టా ప్రజలది అని కొందరు, పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారిది అని మరికొందరు గట్టిగా చెబుతున్నారు. ఈ వాదనలో మరుగున పడుతున్నది 1840 నాటి అధ్యక్ష ఎన్నిక. అసలు కథంతా అక్కడే ఉంది.

కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు తిరగేసి, 1963, 64 సంవత్సరాల్లో ప్రచురించిన వ్యాసాల్లో ఈ మాట జాడ తేల్చారు. 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’లో, ఒక సరదా బృందం గురించిన వార్తలో ‘ఓ.కే.’ అని అచ్చయి, పక్కనే ‘ఆల్ కరెక్ట్’ అన్న అర్థమూ ఉంది. స్పెల్లింగు కావాలని తప్పు రాసి, ఆ తప్పు మాటలకే పొడి అక్షరాలు పెట్టడం ఆనాటి బోస్టన్ పత్రికలవారికి వేడుక. అందుకే ఏ, సీ ఉండవలసిన చోట ఓ, కే వచ్చాయి. ‘ఆల్ రైట్’కు ‘ఓ.డబ్ల్యూ.’ అని కూడా రాశారు. అది నిలవలేదు.

‘ఓ.కే.’ నిలవడానికి కారణం 1840 ఎన్నికలో మళ్లీ పోటీ చేసిన అప్పటి అధ్యక్షుడు, డెమోక్రాట్ మార్టిన్ వాన్ బ్యూరెన్. ఆయన స్వగ్రామం న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్ కావడంతో, ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అన్న పేరు కలిసొచ్చేలా డెమోక్రాట్లు న్యూయార్క్‌లో ‘ఓ.కే. క్లబ్బు’ పెట్టారు. ప్రత్యర్థులైన విగ్ పక్షం వారు ఊరుకోలేదు. మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగు రాక, కాగితాల మీద ఆమోదంగా ‘ఓ.కే.’ అని రాసేవాడని ప్రచారం చేశారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయారు గాని, ఆమోదముద్రగా ఆ రెండక్షరాలు జనం మనసులో పడిపోయాయి.

‘అంతే, మరోలా కాదు’ అని నొక్కిచెప్పే ‘ఓకే’ వంటి పదం చోక్టాలో ఉన్నమాట నిజం. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దాన్ని నమ్మి, ఆ పదం ప్రకారమే ‘okeh’ అన్న స్పెల్లింగు వాడారు. పశ్చిమ ఆఫ్రికాలోని వోలోఫ్ భాషలో అవుననడానికి ‘వావ్ కే’ అంటారని భాషావేత్త డేవిడ్ డాల్బీ చూపారు. ఆ ప్రజల మాటలను చరిత్ర పట్టించుకోలేదన్న బాధ న్యాయమైనదే. అయినా ధ్వని కలిసినంత మాత్రాన సరిపోదు. అక్కడి నుంచి బోస్టన్ అచ్చుయంత్రం దాకా దారి చూపే కాగితం కావాలి. ఈ మాట 1839 కంటే ముందే ఉందనడానికి, 1790 నాటి టెనెసీ కోర్టు రికార్డులో జాక్సన్ పేరుతో ‘ఓ.కే.’ ఉందని చాలాకాలం చూపించారు. నిదానంగా చదివితే అది ‘ఓ.ఆర్.’, అంటే ‘ఆర్డర్ రికార్డెడ్’.