అలుగు పోసిన నీళ్లు వృథా కావు: ఉప్పు, చౌడు మీద అపోహలు – వాస్తవాలు

నల్గొండ, పాలమూరు జిల్లాల్లో చెరువుకైనా బోరుకైనా పొలానికైనా ఉప్పు లెక్క ఒక్కటే. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, వాటిలోని ఉప్పు ఇక్కడే ఉండిపోతుంది.

అపోహ: చెరువు అలుగు పోస్తే నీళ్లన్నీ వృథా.

వాగు ఏటా రాళ్ల నుంచి, పొలాల నుంచి కరిగిన లవణాలను చెరువులోకి తెస్తుంది. అవి బయటపడాలంటే అలుగు, తూము, ఊట తప్ప వేరే దారి లేదు. ఈసీ (నీటిలో, మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, డెసీ సీమెన్స్/మీటరులో) 0.8 ఉన్న చెరువు కొత్త నీరు రాక, ఆవిరితోనే సగానికి తగ్గితే ఈసీ 1.6 దాకా పోతుంది. అలుగు పోసిన ఏడాది ఈ పాత ఉప్పు కొట్టుకుపోతుంది. మహారాష్ట్రలోని లోనార్ సరస్సుకు బయటికి దారే లేదు. అందుకే దాని నీళ్లు ఉప్పగా, పీహెచ్ (క్షారగుణం కొలత) 10 దగ్గర బట్టల సోడాలా మారాయి. నీళ్లు చిక్కబడే కొద్దీ కాల్షియం ముందు సున్నంగా పేరుకుంటుంది, సోడియం, బైకార్బనేట్ మిగులుతాయి. మన గ్రానైట్ నేలల బోర్లలో చాలాచోట్ల బైకార్బనేట్ ఎక్కువే. కాబట్టి అలుగు కాలువను పూడ్చి ఇళ్లు కట్టడం వరద ముప్పొక్కటే కాదు, చెరువు నుంచి ఉప్పు పోయే దారినీ మూసేయడమే.

అపోహ: ఉప్పు నీళ్లలో ప్రాణి ఉండదు.

2020 జూన్‌లో లోనార్ గులాబీ రంగుకు మారింది ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవుల వల్లే. మంచినీటి చెరువు సంగతి వేరు. ఉప్పు పెరిగితే మేఫ్లై లాంటి సున్నితమైన పురుగులు చేపల కంటే చాలా ముందే మాయమవుతాయి. చేపలు ఈదుతున్నాయి కదా అని ధీమా పడొద్దు.

అపోహ: సబ్బు బాగా నురగ వచ్చి, పప్పు త్వరగా ఉడికితే మంచి నీళ్లే.

మన ప్రాంతంలో ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. కాల్షియం తక్కువ, సోడియం బైకార్బనేట్ ఎక్కువ ఉన్న నీళ్లు సరిగ్గా అలాగే ఉంటాయి. ఫ్లోరైడ్ బాగా కరిగేదీ అలాంటి నీళ్లలోనే. దానికి రుచి లేదు, కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ పెన్ను దాన్ని విడిగా చూపదు, కాచితే ఇంకా చిక్కబడుతుంది. బోరును పది నిమిషాలు నడిపి, అదే నీళ్లతో ప్లాస్టిక్ సీసాను మూడుసార్లు కడిగి నింపండి. ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష విడిగా అడగండి. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే తాగొద్దు.

అపోహ: చౌడుకు జిప్సం వేస్తే చాలు.

లీటరుకు ఒక గ్రాము లవణమున్న బోరు నీళ్లు ఎకరం వరికి 1200 మి.మీ. పారిస్తే, పొలంలోకి వచ్చే ఉప్పు దాదాపు 4.9 టన్నులు. ముందు మట్టి పరీక్ష చేయించండి. ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపుంటే పాల చౌడు. దానికి జిప్సం దండగ. మడికట్టి మంచి నీళ్లు నిలిపి, మురుగు తీయడం మూడు నాలుగుసార్లు చేయాలి. పీహెచ్ 8.5 దాటి సోడియం ఎక్కువుంటే కారు చౌడు. అప్పుడు పరీక్షలో తేలిన మోతాదులో జిప్సం చల్లి, పైమట్టిలో కలియదున్ని, 10–15 రోజులు నీళ్లు నిలిపి కిందికి ఇంకనివ్వాలి. ఇంకనివ్వకుండా నీళ్లను పైనుంచే బయటికి వదిలేస్తే జిప్సం విడిపించిన సోడియం వేళ్ల దగ్గరే ఉండిపోతుంది. తర్వాత జీలుగ చల్లి, పూత దశలో దున్నేయండి. మురుగు కాలువ లేని పొలంలో ఈ రెండు చౌడుల పద్ధతులూ చేయొద్దు. కాలువ తవ్వేటప్పుడు దాన్ని ఊరి చెరువులోకి కలపకండి.