పికప్ వెనక టైరు రాసుకుంటోందా? అపోహలు - వాస్తవాలు

పికప్‌కి కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేయించాక వెనక నుంచి బర్రుమని శబ్దం వస్తోందంటూ చాలామంది మా షాపుకి వస్తారు. ఏం చేయాలో కూడా వాళ్లే చెప్పేస్తారు. కానీ టైరు దేనికి తగులుతోందో చూడకుండా స్పానర్ పట్టకూడదన్నది నా పట్టుదల.

అపోహ: లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు లేపే సామాను) వేస్తే రాపిడి పోతుంది.

వాస్తవం: తగిలే చోటును బట్టి ఉంటుంది. టయోటా హైలక్స్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి బళ్లలో వెనక యాక్సిల్‌ని (రెండు చక్రాలను కలిపే ఇరుసుని) యూ బోల్టులతో కమాన్ పట్టీలకు (బరువు మోసే వంపు ఉక్కు పట్టీలకు) బిగిస్తారు. బండిని ఎంత లేపినా టైరుకీ పట్టీకీ మధ్య సందు దాదాపు మారదు. టైరు లోపలి వైపు నున్నటి గీత, పట్టీ అంచున రంగు పోయిన మచ్చ ఉంటే లిఫ్ట్ డబ్బు దండగే. ఆఫ్‌సెట్ తగ్గిన రిమ్ము (చక్రాన్ని బయటికి జరిపేది) గానీ, సన్న టైరు గానీ వేయాలి.

పైన మడ్‌గార్డ్‌కి తగులుతుంటే లెక్క వేరు. 265/65 ఆర్17 సైజు టైరు తీసి 285/70 ఆర్17 వేశారనుకోండి. వ్యాసం సుమారు 776 మి.మీ. నుంచి 831కి పెరుగుతుంది, పైన 27 మి.మీ. చోటు పోతుంది. అదే రిమ్ముతో టైరు వెడల్పు లోపలికి 10, బయటికి 10 మి.మీ. పెరుగుతుంది. లిఫ్ట్ వేశాక ఖాళీ బండిలో అంతా బాగానే కనిపిస్తుంది. లోడుతో గుంతలో పడినప్పుడు మాత్రం యాక్సిల్ బంప్ స్టాపర్ (అది మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మ) దాకా లేస్తుంది. స్టాపర్ పాతదే అయితే టైరు మళ్లీ అక్కడే తగులుతుంది. అందుకే స్టాపర్ పొడవు కూడా పెంచాలి.

అపోహ: ఒక్క వైపే రాసుకుంటే ఆ టైరులోనే లోపం.

ఒక్క వైపు రాపిడిని తేలిగ్గా తీసుకోవద్దు. స్టీరింగ్ నిటారుగా పెట్టి, ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకి రెండు వైపులా టేపుతో కొలవండి. కొద్ది మి.మీ. తేడా మామూలే. బాగా తేడా ఉంటే కమాన్ కట్టని కలిపి, యాక్సిల్‌ని చోటున నిలిపే సెంటర్ బోల్ట్ తెగి, యాక్సిల్ జరిగి ఉండొచ్చు. బోల్ట్ మార్చి, యూ బోల్టులు సరైన టార్క్‌తో బిగించేదాకా ఆ బండికి లోడు వేయకండి, ప్రమాదం.

అలైన్‌మెంట్ చేయిస్తే చాలనేది మరో మాట. ఈ వెనక యాక్సిల్‌కి క్యాంబర్ (చక్రం పక్కకి వాలు), టో (చక్రం ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సర్దే ఏర్పాటే లేదు.

అపోహ: స్పేసర్ (హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్ల) వేస్తే సరి.

లోపల తగలడం ఆగి, బయట మడ్‌గార్డ్ అంచుకి తగలడం మొదలవుతుంది. బేరింగ్ మీద భారం పెరుగుతుంది. చక్రం బిగించే స్టడ్ల మీద ఊరికే తొడిగే రకమైతే నట్టుకి పట్టే మరలు తగ్గిపోతాయి. ఆ రకం నేను బిగించను.

అంచు కోయడం ఆఖరి మార్గం. చాలా బళ్లలో డీజిల్ పోసే పైపు ఆ దగ్గరే వెళ్తుంది, వెనక చూసుకుని కోయాలి. కోసిన చోట వెంటనే ప్రైమర్ కొట్టాలి, లేకపోతే కాకినాడ, విశాఖ గాలికి తుప్పు పట్టేస్తుంది.

ఇంకో సంగతి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ వివరాలకు భిన్నమైన మార్పులను ఒప్పుకోదు. కాబట్టి కంపెనీ సైజుకి తిరిగి వెళ్లమనే ముందుగా చెబుతాను.

ఏ పని చేయించినా షాపులో ఒక రౌండు కొట్టి డబ్బులిచ్చేయకండి. మడ్‌గార్డ్ లోపల సుద్ద పూసి, మీరు మామూలుగా వేసే లోడుతో, ఒక వెనక చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించమనండి. తర్వాత రెండోది. సుద్ద చెరిగిందంటే పని ఇంకా మిగిలి ఉన్నట్టే.