వేళచ్చేరి పిల్లలకు, పొంగిన పిండి గురించి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవులు అనన్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. అదే గిన్నె, అవే కొలతలు, అమ్మ చెయ్యి కూడా అదే. బెంగళూరులో ఉన్నన్నాళ్ళూ గిన్నెలోనే బుద్ధిగా ఉన్న ఇడ్లీ పిండి చెన్నై వెళ్ళగానే రాత్రికి రాత్రి మూత తోసుకుని, గట్టంతా పారి, స్టవ్వు కిందకి ఎందుకు దూరిందని అడిగారు. చాలా మంచి ప్రశ్న. కొలతల్లో ఏ తప్పూ లేదు. కత్తిరి ఎండల్లో, అంటే మే నెల మండుటెండల్లో, ఆ కొలతలకు ఆ గిన్నె చాలలేదు, అంతే.

పిండి పులియడమంటే పెళ్ళిలో బంతి భోజనాలు అనుకోండి. మినప్పప్పుతో పాటు కంటికి కనబడని ప్రాణులు వస్తాయి. వాటిలో ముఖ్యమైనదాని పేరు లూకోనాస్టాక్. శుభలేఖ వెయ్యక్కర్లేదు, పప్పు ఎక్కడికి వెళ్తే అవీ అక్కడికే. నానబోసి రుబ్బగానే విస్తళ్ళు పరిచినట్టే. పప్పులో, బియ్యంలో ఉన్న చక్కెరల్ని తింటాయి, తింటూ త్రేనుస్తాయి. ఆ త్రేన్పే బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. పిండిలో పులుపు కూడా అవి వదిలిందే. కడుపు నిండిన ప్రతి చుట్టమూ ఇద్దరవుతాడు, ఆ ఇద్దరూ మళ్ళీ విస్తరి ముందు కూర్చుంటారు. జనవరిలో మా ఊళ్ళో రాత్రి 15, 16 డిగ్రీలకు దిగుతుంది. చుట్టాలు వణుకుతూ వచ్చి, ముడుచుకుని కూర్చుని, మెల్లగా తింటారు. పిండి పొంగడానికి 14 గంటలు కూడా చాలవు. మీ ఊళ్ళో మేలో అర్ధరాత్రి కూడా 28 కిందకి దిగడం కష్టం, మూసిన వంటింట్లో ఇంకా ఎక్కువ. ఆ చుట్టాలకు 30 దగ్గర మహా ఆకలి. ఆరేడు గంటల్లో బంతి మీద బంతి లేచిపోతుంది. సాయంత్రం అయిదింటికి రుబ్బితే పదకొండింటికల్లా పందిరి కిక్కిరిసిపోయింది, మీరేమో నిద్రలో ఉన్నారు. పందిట్లో చోటు లేకపోతే జనం వీధిలోకి రాక ఏం చేస్తారు?

ఇంకోటి. గ్రైండర్లో అరగంట తిరిగిన మినప్పిండిని వేలితో ముట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటుంది. అంటే పని మొదలవకముందే వేడి అందింది. ఎండాకాలంలో రుబ్బేటప్పుడు ఫ్రిజ్ నీళ్ళు చిలకరించమని అమ్మకి చెప్పండి.

అయితే గాలి పుడితే సరిపోదు. పట్టుకునేది లేకపోతే ఎగిరిపోతుంది. పట్టుకునేది మినప్పప్పులోని జిగురూ మాంసకృత్తులూ. పొంగిన పిండిలోకి గరిటె పక్కవాటుగా దించి మెల్లగా పైకి లేపండి. లోపల తేనెపట్టంత గుల్లగా కనిపిస్తుంది, ఒక్కో గుల్ల చుట్టూ పల్చటి మినప పొర. ఇది నేను చెప్తే నమ్మడం కాదు, మీరే పరీక్షించండి. ఒకే సైజు గాజు గ్లాసులు మూడు తీసుకోండి. ఒకదాంట్లో బియ్యప్పిండి రుబ్బు ఒక్కటే, ఒకదాంట్లో మినప రుబ్బు ఒక్కటే, మూడోదాంట్లో రెండూ కలిపింది. మూడింటినీ మూడో వంతు దాకా నింపి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వెయ్యండి. కింద పళ్ళెం పెట్టి, గంటగంటకీ చూసి రాసుకోండి. మొదటి రెండు గంటలూ ఏమీ జరగనట్టే ఉంటుంది. విసుగొచ్చి లేచిపోకండి. ఓపికగా చూసేవాళ్ళకే ఏ విద్యైనా పట్టుబడుతుంది. బియ్యం గ్లాసుకీ మిగతా రెండింటికీ తేడా ఏమిటో నాకు రాయండి.

ఇక గట్టు పాడవకుండా ఏం చెయ్యాలో చెప్తాను. నాలుగు గ్లాసుల ఇడ్లీ బియ్యం, గ్లాసు మినపగుళ్ళు, చెంచాడు మెంతులు వేస్తే సుమారు రెండు లీటర్ల రుబ్బు వస్తుంది. పొంగితే రెట్టింపు, మీ ఊరి వేడికి ఇంకాస్త ఎక్కువే. కాబట్టి అయిదు లీటర్ల గిన్నె కావాలి, లేదా రెండు గిన్నెల్లో పంచాలి. గిన్నె పొడుగుదా వెడల్పుదా అన్నది ముఖ్యం కాదు, సగం కంటే ఎక్కువ ఖాళీగా ఉందా అన్నదే చూడండి. గిన్నె కింద అంచున్న పళ్ళెం తప్పనిసరి. పొంగినా పళ్ళెంలోనే ఆగుతుంది.

ఫ్రిజ్ లేని రోజుల్లో, మా చిన్నతనంలో, ఎండాకాలం వస్తే రోట్లో రుబ్బడం రాత్రి భోజనాలయ్యాకే. వేసవిలో పొద్దుపోయాక రుబ్బాలని మా వీధిలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. రోలు చల్లటి రాయి కావడంతో పిండి వేడెక్కేదీ కాదు. మీరూ రాత్రి పదింటికి రుబ్బండి, తెల్లవారి అయిదింటికి సరిగ్గా అందుతుంది. సాయంత్రమే రుబ్బక తప్పకపోతే మూడు గంటలు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో కూడా పులియడం పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది, అక్కడా గిన్నెలో ఖాళీ ఉండాలి. ఎండాకాలంలో పాత పిండి తోడు వెయ్యనే వద్దు.

అంచు దాకా వచ్చేసిందని చూస్తే గరిటెతో గిరగిరా తిప్పెయ్యకండి. గాలంతా పోయి ఇడ్లీలు గట్టిపడతాయి. పైనుంచి మూడు నాలుగు గరిటెలు మెల్లగా తీసి వేరే గిన్నెలో వెయ్యండి. దోసెలకైతే కలిపినా నష్టం లేదు.

మూత బిగించకూడదు. మర మూత బిగించే డబ్బాలో పెడితే గాలి బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, తీసేటప్పుడు మొహాన చిమ్ముతుంది. పళ్ళెం బోర్లిస్తే చాలు. కొట్లో కొన్న పిండి ప్యాకెట్ ఉబ్బి ఉంటే సింకులో పెట్టి, మూల కొంచెం కత్తిరించి, గాలి పోయాక విప్పండి.

పొంగిపోయిందే అనుకోండి. వేడినీళ్ళు పొయ్యకండి! పిండి అక్కడికక్కడే ఉడికి గంజై రాతికి అంటుకుపోతుంది. ముందు పాత ప్లాస్టిక్ కార్డుతో గీకి చెత్తబుట్టలో వెయ్యండి, సింకులోకి తొయ్యకండి, గొట్టంలో పేరుకుంటుంది. తర్వాత చన్నీళ్ళ గుడ్డ. ఎండిపోయిన చోట తడిగుడ్డ పరిచి పావుగంట ఆగితే దానంతటదే ఊడొస్తుంది. స్టవ్వు బర్నర్ మూతలు తీసి నానబెట్టి, చిల్లులు పిన్నీసుతో పొడవండి. మూసుకుపోయిన బర్నర్ మంట పసుపుగా ఎగుస్తుంది, గిన్నెలు మసిబారతాయి.

సెలవుల్లో అల్లం సోడా చేస్తామని రాశారు. అక్కడా ఇవే భోజనాలు, తినేది ఈస్టు అనే మరో కంటికి కనబడని ప్రాణి. ఇక్కడ గాలిని కావాలనే బంధిస్తాం కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. గాజు సీసా ముట్టుకోవద్దు, పగిలితే పెంకులు ఎగురుతాయి. రెండు లీటర్ల ప్లాస్టిక్ సోడా సీసాలో 200 గ్రాముల పంచదార, రెండు పెద్ద చెంచాల అల్లం కోరు, ఒక నిమ్మకాయ రసం, చెంచాలో ఎనిమిదో వంతు ఈస్టు. నీళ్ళు పోసి, పైన మూడు నాలుగు సెంటీమీటర్లు వదిలి బిరడా బిగించండి. మే నెలలో గంట గంటకీ సీసా నొక్కి చూడాలి. వేలికి లొంగనంత బిగిసిన క్షణమే ఫ్రిజ్‌లోకి. ఒక పగలూ ఒక రాత్రీ చల్లబడ్డాక, సింకు మీద పట్టుకుని, బిరడా కొంచెం తిప్పి ఆగి, నురగ దిగాక మళ్ళీ తిప్పండి. రెండు మూడు రోజులు బయటే మరిచిపోయిన సీసా సంగతి నాన్నకే వదిలెయ్యండి, అప్పటికది పిల్లల పానీయం కాదు, ప్రమాదం కూడా.

పెద్దవాళ్ళకు బీరు కాచేవాళ్ళకీ మీ అమ్మ కష్టమే. మొదటి రెండు మూడు రోజులు నురగ పీపా మూత దాకా లేస్తుంది. అందుకని మూతకు లావుపాటి గొట్టం బిగించి, రెండో కొస నీళ్ళ బకెట్లో ముంచుతారు. గాలీ నురగా బకెట్లోకి పోతాయి, బయటిది లోపలికి రాదు. సన్న గొట్టమైతే పిప్పి అడ్డుపడి మూత ఎగిరి పైకప్పుకు కొడుతుంది. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన బీరు కాచే చోటు పక్కనే కాపురముండేవాడు. ఆ తొట్ల మీద ముసురుకున్న గాలిలో మంట ఆరిపోవడం చూసి, ఆ గాలిని నీళ్ళలో కలిపాడు. సోడా నీళ్ళు చేసే పద్ధతిని 1772లో అచ్చువేశాడు. అలాంటి గాలే మీ ఇడ్లీ గిన్నెలోనూ పుడుతోంది, చూస్తూ ఉంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మీరూ చూడొచ్చు. పొద్దున్నే అమ్మని పక్కన నిలబెట్టుకుని, ఫ్యాను ఆపి, మూతను తొణక్కుండా పక్కకు జరపండి. అమ్మ అగ్గిపుల్ల వెలిగించి, పటకారుతో పట్టుకుని, పిండికి తగలకుండా గిన్నెలోకి మెల్లగా దించాలి. అంచు దాటిన తర్వాత ఎంత లోతులో ఆరిందో చూడండి. మూత విసురుగా తీస్తే గాలి కదిలిపోయి పుల్ల ఆరదు, అప్పుడు మర్నాటి దాకా ఆగాల్సిందే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య