ఇంగ్లీషు టీచర్ జీతం: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఆ భాష నేర్పడం నా వృత్తి. ఇందులోకి రావాలనుకునేవారు నన్ను మొదట అడిగేది, "గంటకు ఎంత ఇస్తారు?" అని. నిజానికి తేల్చుకోవలసింది ఏ గంటకు ఇస్తారన్నది.

అపోహ: వారానికి 25 గంటలే కదా, తీరిక బాగా దొరుకుతుంది.

వాస్తవం: ఆ 25 గంటలు తరగతిలో నిలబడేవి మాత్రమే. 20 మంది ఒక్కో పేజీ వ్యాసం రాశారనుకోండి. ఒక్కోదానికి పది నిమిషాలు పెట్టి దిద్దినా మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. అది ఒక్క తరగతి పని. నేను పనిచేసిన ఒక సంస్థలో ఉదయం ఏడున్నరకు ఒక కార్యాలయంలో ఉద్యోగులకు పాఠం, సాయంత్రం ఆరు గంటలకు ఊరికి ఆ చివర మరో పాఠం ఉండేవి. జీతం మాత్రం మూడు గంటల పనికే వచ్చేది. నేను ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. మధ్యాహ్నాలు ఖాళీ తరగతి గదిలో కూర్చుని బొమ్మల కార్డులు కత్తిరించేదాన్ని. అట్టలు, జిగురు, రంగులు అన్నీ నా డబ్బుతో కొన్నవే. విద్యార్థి ఆఖరి నిమిషంలో రానంటే ఆ గంట జీతం కూడా పోయేది. అందుకే చెబుతున్నాను: ప్రయాణం, తయారీ, దిద్దుబాటు, రద్దయిన పాఠం, వీటిలో దేనికి డబ్బిస్తారో కాంట్రాక్టులో రాయించుకోండి.

అపోహ: ఇంగ్లీషు మాట్లాడడం వస్తే చాలు, నేర్పడం దానంతటదే వస్తుంది.

వాస్తవం: "ఐ సా" అన్నదానికీ "ఐ హావ్ సీన్" అన్నదానికీ తేడా ఏమిటని విద్యార్థి అడిగినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఇంగ్లీషు నేర్పేవారికి కేంబ్రిడ్జి ఇచ్చే సర్టిఫికెట్ సెల్టా. ఆ శిక్షణ కనీసం 120 గంటలు ఉంటుంది. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపాలి. శిక్షకులు వెనక కూర్చుని గమనిస్తారు. ఒక్క పాఠమైనా చెప్పకుండా ఇంటర్నెట్‌లో రెండు రోజుల్లో తెచ్చుకున్న సర్టిఫికెట్ దానికి సాటిరాదు.

అపోహ: పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారికి ఎక్కువ జీతం ఇచ్చేది వారు బాగా నేర్పుతారనే.

వాస్తవం: చాలాచోట్ల అది పాస్‌పోర్టును చూసి వేసే లెక్క. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు బోధనకు ఇచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే. 2010లో భారత్‌తో వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చాకే భారతీయులకు అక్కడ సహాయ ఉపాధ్యాయులుగా దారి ఏర్పడింది. ఇంగ్లీషును కష్టపడి నేర్చుకున్న టీచరుకు విద్యార్థి ఎక్కడ తడబడతాడో ముందే తెలుస్తుంది. ఆ టీచరుకు తక్కువ జీతం ఇవ్వడం అన్యాయం. ఈ వివక్ష తప్పని, ఇంగ్లీషు టీచర్ల అంతర్జాతీయ సంఘమైన టీసోల్ 2006లోనే ప్రకటించింది.

అపోహ: ఇల్లు వాళ్లే ఇస్తే ఇక దిగులు లేదు.

వాస్తవం: ఉద్యోగం పోయిన రోజే ఇల్లూ పోవచ్చు. 2007లో జపాన్‌లో ఒక పెద్ద ఇంగ్లీషు బోధన సంస్థ కుప్పకూలింది. వేలమంది టీచర్లకు జీతాలు నిలిచిపోయాయి. కొందరి జీతంలోంచి అద్దె కోసుకున్న సంస్థ దాన్ని ఇంటి యజమానులకు కట్టనేలేదు. టీచర్లకు ఇల్లు ఖాళీ చేయాలన్న నోటీసులు వచ్చాయి. జీతమూ గూడూ ఒకే చేతిలో ఉంటే, కనీసం రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా దాచుకోండి.

అపోహ: ఆన్‌లైన్ పాఠాలైతే ఆదాయం స్థిరం.

వాస్తవం: 2021 జూలైలో చైనా ట్యూషన్ల మీద ఆంక్షలు పెట్టి, విదేశాల్లో ఉన్న టీచర్లతో పాఠాలు చెప్పించడాన్ని నిషేధించింది. చైనా పిల్లల మీదే ఆధారపడిన టీచర్ల ఆదాయం కొద్ది నెలల్లోనే కరిగిపోయింది. వారిలో చాలామంది కాగితం మీద ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. అందువల్ల నోటీసు కాలం, పరిహారం అడిగే హక్కు కూడా వారికి లేకపోయింది.

సంతకం పెట్టే ముందు, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న టీచరుతో ఫోనులో మాట్లాడించమని అడగండి. పోయిన నెల జీతం ఏ తేదీన పడిందో ఆ టీచరునే అడగండి.