టీవీలో సీసీ కెమెరా చూడటం: అపోహలు - వాస్తవాలు

సీసీ కెమెరాలు బిగించే పని నాది. గోడకి కెమెరాలెక్కించి, వైర్లు లాగి, ఫోన్‌లో యాప్ పెట్టి ఇచ్చేసి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ఆపి మరీ అడిగే ప్రశ్న ఒకటుంది, "ఇది మన టీవీలో కూడా వస్తుందా?" అని. వస్తుంది. కాకపోతే ఏ దారిలో వస్తుందో తెలీక కొంతమంది అక్కర్లేని సామానంతా కొంటారు, కొంతమంది మా టీవీలో రాదులే అని వదిలేస్తారు, రెండూ చూస్తే నాకు బాధేస్తుంది. టీవీ ఉత్త తెర అంతే. బొమ్మ దాని దాకా రావడానికి మూడు దార్లున్నాయి: డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డ్ చేసే పెట్టె) నుంచి నేరుగా కేబుల్, ఇంట్లో రూటర్ ద్వారా, లేదంటే బయట కెమెరా కంపెనీ సర్వర్ దాకా పోయి ఇంటర్నెట్ మీద తిరిగి రావడం. మీ ఇంట్లో ఏ దారో ముందు తేల్చుకోండి, సగం డౌట్లు అక్కడే తీరిపోతాయి.

అపోహ: స్మార్ట్ టీవీ ఉంటేనే కెమెరాలు కనిపిస్తాయి

వాస్తవం: ఇది ముందు మనసులోంచి తీసేయండి, ఎందుకంటే బాగున్న టీవీని పక్కన పెట్టి కొత్తది కొనడానికి సిద్ధపడినవాళ్లని నేను చూశా. డీవీఆర్ గానీ ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ కెమెరాలకి వాడే అలాంటి పెట్టె) గానీ వెనక్కి తిప్పి చూడండి, హెచ్‌డీఎంఐ సాకెట్ ఒకటి, చాలావాటికి పక్కనే వీజీఏ సాకెట్ కూడా ఉంటుంది. అక్కణ్నుంచి టీవీకి ఒక కేబుల్ పెట్టి, రిమోట్‌లో సోర్స్ నొక్కి ఆ హెచ్‌డీఎంఐ నంబర్ ఎంచుకుంటే కెమెరాలన్నీ గళ్లు గళ్లుగా వచ్చేస్తాయి. వైఫై అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, నెట్ పోయినా బొమ్మ పోదు. మూడు దార్లలో నా ఓటు ఎప్పుడూ దీనికే.

ఒక ఇంట్లో పెద్దావిడ ఉండేవారు, మోకాళ్ల నొప్పులు, మంచం దిగి గేటు దాకా వెళ్లడమంటే ఆవిడకి పెద్ద పని, ఫోన్‌లో యాప్ తెరవడం ఎంత నేర్పినా రాలేదు. ఆవిడ గదిలో టీవీ మామూలుది, స్మార్ట్ కాదు. డీవీఆర్ నుంచి హెచ్‌డీఎంఐ లాగి, రిమోట్ మీద సోర్స్ బటన్‌కి చిన్న ఎర్ర టేపు ముక్క అంటించి, "అమ్మా, ఈ ఎర్రది రెండుసార్లు నొక్కండి, అంతే" అని చెప్పా. నొక్కారు, గేటు కనిపించింది, బయట నిలబడ్డ మనవణ్ని చూసి మంచం మీంచే పేరు పెట్టి పిలిచారు. ఈ పనిలో ఇంతకన్నా సంతోషం ఇంకేం కావాలి చెప్పండి.

ఇందులో వచ్చే తిప్పలు కూడా చెప్పేస్తా. కేబుల్ పెట్టాక నో సిగ్నల్ అని వస్తే డీవీఆర్ పోయిందని కంగారు పడొద్దు. చాలాసార్లు డీవీఆర్ అవుట్‌పుట్ 4కేలో పెట్టి ఉంటుంది, టీవీ ఏమో అంతకన్నా తక్కువ పిక్సెళ్లున్న 1080పీ వరకే, అందుకని తెర నల్లగా ఉండిపోతుంది. దాన్ని ఒకసారి 4కే టీవీకి కలిపి, మెనూలో రిజల్యూషన్ 1080పీకి మార్చి మళ్లీ తెచ్చి పెట్టుకుంటే సరిపోతుంది. ఇంకొన్ని టీవీల్లో బొమ్మ వస్తుంది గానీ పైనున్న తేదీ, టైమ్ సగం తెగిపోయి కనిపిస్తాయి, అది కెమెరా తప్పు కాదు, టీవీ బొమ్మని కొంచెం సాగదీసి అంచులు కోసేస్తుంది. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఫిట్ అనో జస్ట్ స్కాన్ అనో ఉంటుంది, అది ఆన్ చేస్తే మొత్తం కనిపిస్తుంది.

దూరం సంగతి మాత్రం జాగ్రత్త. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ 10, 15 మీటర్లు దాటితే బొమ్మ మినుకు మినుకుమంటుంది, లేదా అసలే రాదు. డీవీఆర్ మేడ మీద, టీవీ కింద హాల్లో అయితే హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ జత (బొమ్మని దూరానికి పంపే రెండు చిన్న పెట్టెలు) తీసుకుని మధ్యలో క్యాట్-6 నెట్‌వర్క్ వైరు వేయండి, మామూలు రకాలు 1080పీకి 50, 60 మీటర్ల దాకా లాగుతాయి. ఆ వైరుని మధ్యలో రూటర్‌కో స్విచ్‌కో కలపకూడదు, ఈ మామూలు రకాలకి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వైరు ఉండాలి. ఇది తెలీక ఎక్స్‌టెండర్ పాడైందని వెనక్కిచ్చేసినవాళ్లున్నారు.

టీవీ రిమోట్‌తో డీవీఆర్ మెనూ నడుస్తుందని కూడా అనుకుంటారు, మామూలుగా నడవదు. మెనూకి డీవీఆర్‌కి గుచ్చిన మౌసే దిక్కు, అందుకే టీవీ దగ్గర నుంచి వాడాలంటే వైర్‌లెస్ మౌసో, యూఎస్‌బీ కూడా మోసే ఎక్స్‌టెండరో ముందే చూసుకోవాలి.

అపోహ: టీవీలో చూస్తే నెట్ డేటా అంతా అయిపోతుంది

వాస్తవం: దారిని బట్టి ఉంటుంది. కేబుల్ మీద చూస్తే డేటా సున్నా. ఇంట్లో రూటర్ మీదుగా కెమెరా నుంచి టీవీకి నేరుగా వస్తున్నా కూడా అది ఇంటి లోపలి ట్రాఫిక్కే, మీ ప్లాన్‌లోంచి ఏమీ పోదు. కంపెనీ సర్వర్ మీదుగా వస్తే మాత్రం పోతుంది, ఎంతంటే, ఒక కెమెరా 2 ఎంబీపీఎస్‌తో పంపుతోందనుకుందాం, గంటకి 900 ఎంబీ, రోజంతా పెట్టి ఉంచితే 21 జీబీ దాటుతుంది. పైగా బయటికి వెళ్లేటప్పుడొకసారి, తిరిగి వచ్చేటప్పుడొకసారి, రెండు లెక్కలు. నాలుగు కెమెరాలైతే మీరే గుణించుకోండి.

అపోహ: డీవీఆర్ ఎందుకు, కెమెరా వైరు తీసుకెళ్లి టీవీ ఏవీలో గుచ్చేస్తే పోలా

వాస్తవం: పాత అనలాగ్ కెమెరాలకి ఇది నిజమే, కెమెరా వైరు చివరుండే గుండ్రటి బీఎన్‌సీ పిన్నుకి ఏవీ పిన్ను కన్వర్టర్ పెడితే బొమ్మ వచ్చేసేది. ఇప్పుడొచ్చే హెచ్‌డీ కెమెరాలు అదే కోయాక్సియల్ వైరు మీద వేరే రకం సిగ్నల్ పంపుతాయి, ఏహెచ్‌డీ, టీవీఐ, సీవీఐ అని. టీవీ ఏవీ సాకెట్‌కి సీవీబీఎస్ అనే పాత అనలాగ్ సిగ్నల్ తప్ప ఇంకోటి తెలీదు, అందుకే నీలం తెర. ఈ నాలుగు రకాల సిగ్నళ్లూ ఇచ్చే 4-ఇన్-1 కెమెరా అయితే చాలావాటికి వైరు మీద చిన్న బటనో స్విచ్చో ఉంటుంది, దాంతో సీవీబీఎస్‌కి మార్చుకోవచ్చు, బొమ్మ వస్తుంది గానీ నాణ్యత పాత టీవీ స్థాయికి పడిపోతుంది, రికార్డింగ్ కూడా ఉండదు. ఒక్క గేటు చూసుకోవడానికైతే చాలు, దొంగ మొహం పట్టుకోవాలంటే చాలదు.

అపోహ: డీవీఆర్ యూఎస్‌బీని టీవీ యూఎస్‌బీకి కలిపినా వస్తుంది

వాస్తవం: రాదు. రెండూ పెన్‌డ్రైవ్‌ల కోసం, మౌసుల కోసం ఉన్నవి, బొమ్మ అందులోంచి పోదు.

అపోహ: ఏ వైఫై కెమెరా అయినా ఏ స్మార్ట్ టీవీలో అయినా వచ్చేస్తుంది

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కెమెరా, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలదు, రెండూ ఒకే భాష మాట్లాడాలి. ఆ భాష పేరు ఆర్‌టీఎస్‌పీ, 1998 నుంచి ఉన్న పద్ధతి ఇది, మామూలుగా 554 పోర్ట్ (నెట్‌వర్క్‌లో డేటా వచ్చిపోయే తలుపు నంబరు) మీద నడుస్తుంది. కెమెరా డబ్బా మీద ఆర్‌టీఎస్‌పీ అని గానీ ఓఎన్‌వీఐఎఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు కలిసి పనిచేసే ప్రమాణం) అని గానీ రాసి ఉందా చూడండి. ఉంటే ఆండ్రాయిడ్ టీవీలో వీఎల్‌సీ అనే వీడియో యాప్ వేసుకుని, అందులో నెట్‌వర్క్ స్ట్రీమ్ దగ్గర rtsp:// తో మొదలయ్యే కెమెరా అడ్రస్ కొడితే వచ్చేస్తుంది. టీవీలో ఉన్న బ్రౌజర్ తెరిచి అదే అడ్రస్ కొడితే మాత్రం రాదు, బ్రౌజర్లకి ఆర్‌టీఎస్‌పీ అర్థం కాదు. యాప్‌తో మాత్రమే నడిచే కెమెరాలకైతే ఆ కంపెనీ టీవీ యాప్ ఇస్తుందా, అలెక్సాతోనో గూగుల్ హోమ్‌తోనో కలుస్తుందా అనేది కొనకముందే అడగండి, కొన్నాక అడిగితే నేనేం చెయ్యలేను.

బ్యాటరీ కెమెరాలు ఇంకో తంతు. అవి ఎక్కువసేపు నిద్రపోయి, ఎవరైనా కదిలితే లేచి రికార్డ్ చేసి మళ్లీ పడుకునేలా తయారయ్యాయి. వాటిని టీవీలో రోజంతా పెట్టి చూద్దామంటే బ్యాటరీ నెలలకి బదులు రోజుల్లో అయిపోతుంది.

అడ్రస్ సరిగ్గానే కొట్టాం, శబ్దం వస్తోంది, బొమ్మ రావట్లేదు అంటే ముందు హెచ్.265ని (వీడియోని కుదించే పద్ధతి) అనుమానించండి. స్టోరేజీ తక్కువ పడుతుందని చాలా కెమెరాలు దాన్నే పెట్టుకుని వస్తున్నాయి, 2013లో వచ్చిన పద్ధతి అది, చాలా పాత టీవీలకి, టీవీకి గుచ్చే పాత స్ట్రీమింగ్ స్టిక్‌లకి దాన్ని విప్పడం రాదు. కెమెరా సెట్టింగ్స్‌లో అంతకు ముందు పద్ధతి హెచ్.264కి మార్చండి. మొత్తం మార్చడం ఇష్టం లేకపోతే సబ్ స్ట్రీమ్ (కెమెరా పంపే తక్కువ నాణ్యత బొమ్మ) ఒక్కటే మార్చి టీవీలో అదే చూడండి, మెయిన్ స్ట్రీమ్ (పూర్తి నాణ్యత బొమ్మ) రికార్డింగ్‌కి అలాగే ఉండనివ్వండి, నేను చాలా ఇళ్లలో ఇలాగే పెట్టిస్తా. సబ్ స్ట్రీమ్ తేలిక, వైఫై బలహీనంగా ఉన్నా ఆగకుండా నడుస్తుంది.

అపోహ: ఫోన్‌ని టీవీకి మిర్రర్ చేస్తే సరిపోతుంది కదా

వాస్తవం: రెండు నిమిషాలు చూడటానికైతే ఓకే. రోజూ వాడటానికి కాదు, ఫోన్ అక్కడే కట్టేసి ఉంచాలి, ఎవరైనా ఫోన్ చేస్తే బొమ్మ ఆగొచ్చు, మీకొచ్చే మెసేజ్‌లూ ఓటీపీలూ హాల్లో అందరికీ పెద్ద తెర మీద కనిపించొచ్చు.

అపోహ: టీవీలో కనిపిస్తోందంటే ఈ క్షణంలో జరుగుతున్నదే

వాస్తవం: కేబుల్ మీద అయితే దాదాపు అంతే, తేడా కంటికి తెలీదు. రూటర్ మీదుగా వస్తే ఒకటి రెండు సెకన్లు వెనక. సర్వర్ దాకా పోయి వచ్చేదైతే ఇంకా ఎక్కువ వెనకబడుతుంది, నెట్ బాగోకపోతే మరీను. అంటే గేటు దగ్గర ఎవరూ లేరని తెరలో చూసి తలుపు తీసేలోపు అక్కడ మనిషి ఉండొచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ఈ మాట తప్పకుండా చెప్పండి. మీ దాంట్లో ఎంత ఆలస్యమో తెలుసుకోవడం సులువు, ఒకరు కెమెరా ముందు నిలబడి చెయ్యి ఊపుతూ ఫోన్‌లో "ఇప్పుడు" అనాలి, ఇంకొకరు టీవీ ముందు లెక్కపెట్టాలి.

అపోహ: టీవీ ఆపేస్తే రికార్డింగ్ ఆగిపోతుంది

వాస్తవం: ఆగదు. రికార్డింగ్ జరిగేది డీవీఆర్‌లో ఉన్న హార్డ్‌డిస్క్‌లో, టీవీకి దానితో సంబంధం లేదు. కరెంటు ఆదా కోసం టీవీ స్విచ్ ఆపండి గానీ, అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి డీవీఆర్ కూడా గుచ్చి ఉంటే మొత్తం పోతుంది, రాత్రి బోర్డు స్విచ్ ఆపి పడుకునేవాళ్లు ఇది ఒకసారి చూసుకోండి.

అపోహ: పెద్ద టీవీలో చూస్తే మొహం, బండి నంబరు క్లియర్‌గా కనిపిస్తాయి

వాస్తవం: కెమెరా పట్టనిది టీవీ ఎక్కడ్నుంచి తెస్తుంది? 1080పీ తెరని 16 గళ్లు చేస్తే ఒక్కో గడికి వచ్చేది 480 బై 270 పిక్సెళ్లు, అంతే. మొహం చూడాలంటే ఆ కెమెరా మీద డబుల్ క్లిక్ చేసి ఫుల్ స్క్రీన్ చేయండి, అప్పుడు మెయిన్ స్ట్రీమ్ వస్తుంది. అప్పటికీ మసకగా ఉంటే కెమెరా లెన్స్ తుడవండి, సాలెగూడు తీయండి.

అపోహ: 24 గంటలూ కెమెరాలు పెట్టి ఉంచినా టీవీకి ఏం కాదు

వాస్తవం: ఓఎల్ఈడీ టీవీ అయితే అస్సలు వద్దు. గళ్ల మధ్య గీతలు, మూలనున్న టైమ్ కదలకుండా గంటల తరబడి ఒకేచోట ఉంటే ఆ మచ్చ తెర మీద శాశ్వతంగా పడిపోవచ్చు. మామూలు ఎల్ఈడీ టీవీకి ఆ భయం తక్కువ, అయినా రోజంతా వెలగాలంటే పక్కన చిన్న మానిటర్ పెట్టుకోవడమే మేలు.

అపోహ: మా ఇంటి టీవీ, మేమే చూస్తాం, భయమేముంది

వాస్తవం: ఒక ఇంట్లో చంటిపిల్లాడి గదిలో కెమెరా పెట్టించుకున్నారు, హాల్లో టీవీకి డీవీఆర్ కలిపి ఉంది. బంధువులు వచ్చి కూర్చున్నప్పుడు ఎవరో పిల్లలు రిమోట్ నొక్కితే సోర్స్ మారి, పాలిస్తున్న తల్లి గది తెర మీద పడింది. ఆ అమ్మాయి పడ్డ బాధ నాకు ఫోన్‌లోనే వినిపించింది. ఆ రోజు నుంచి నేను ఎక్కడ కెమెరా పెట్టినా ఒక పని చేయకుండా బయటికి రాను: డీవీఆర్ మెనూలో, లాగిన్ చేయనప్పుడు ఏ కెమెరాలు కనిపించాలో ఎంచుకునే ఆప్షన్ చాలావాటిలో ఉంటుంది, అందులో గేటు, మెట్లు, పార్కింగ్ మాత్రమే ఉంచి లోపలి కెమెరాలన్నీ తీసేస్తా. అసలు పడకగదుల్లో కెమెరా వద్దనే చెప్తా, వినకపోతే కనీసం ఇదైనా.

బయటివాళ్ల సంగతి వేరే. 2016లో మిరాయ్ అనే వైరస్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనీ డీవీఆర్‌లనీ లక్షల్లో పట్టేసి, అక్టోబర్‌లో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలాచోట్ల తెరుచుకోకుండా చేసింది. అది వాడింది 60 చిల్లర మామూలు పాస్‌వర్డ్‌లు, అడ్మిన్, 12345 లాంటివి. కాబట్టి టీవీలో చూడటం కోసం రూటర్‌లో 554 పోర్ట్ బయటికి తెరవమని ఎవరైనా చెప్తే తెరవకండి, తెరిస్తే బయటివాళ్లకి మీ కెమెరా దాకా దారి ఇచ్చినట్టే, ఇంట్లో చూడటానికి దాని అవసరమే లేదు.

ఇంకొక్కటి. వీఎల్‌సీలో కొట్టే ఆ అడ్రస్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో ఉంటాయి, టీవీలో అలాగే సేవ్ అయిపోతాయి. అందుకని అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కడ వాడొద్దు, డీవీఆర్‌లో లైవ్ చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న వేరే యూజర్‌ని టీవీ కోసం చేసుకోండి. టీవీ అమ్మేసేటప్పుడు గానీ ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు గానీ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, ఆ యూజర్‌ని డీవీఆర్‌లోంచి డిలీట్ చేసి ఇవ్వండి.