మూడో అంతస్తులో పచ్చిపులుసు

వారాసిగూడలో మా అపార్ట్‌మెంట్‌కు లిఫ్ట్ ఉంది. మధ్యాహ్నం పన్నెండప్పుడు మాత్రం నేను మెట్లే ఎక్కుతాను. మొదటి అంతస్తులో మెంతికూర, రెండో అంతస్తులో ఇంగువ వేసిన పప్పుచారు. మూడో అంతస్తులో ఎవరో పచ్చిపులుసుకు పోపు పెడతారు. అక్కడ కాలు ఆగిపోతుంది. ఒక్క క్షణం నాకు ఏడేళ్లు. నాయనమ్మ ఇంటి వెనక కట్టెల పొయ్యి, ఇత్తడి గిన్నె, పొగకు మండే కళ్లు.

నాయనమ్మ ఫొటో మా హాల్లోనే ఉంది. రోజూ చూస్తాను. అది ఇంత పని చేయదు.

కంటితో చూసింది, చెవితో విన్నది ముందు మెదడు మధ్యలో థలామస్ అనే జంక్షన్‌లో ఆగి, అక్కడి నుంచి పైకి పోతాయి. వాసనకు ఆ మజిలీ లేదు. ముక్కు పైభాగంలోని నాడీకణాల నుంచి కబురు మెదడులో వాసనలు అందుకునే ఘ్రాణకందానికి చేరుతుంది. అక్కడి నుంచి భావోద్వేగాలను చూసుకునే అమిగ్డలాకు నేరుగా, జ్ఞాపకాలను చూసుకునే హిప్పోకాంపస్‌కు ఒక్క అంగలో అందుతుంది. ఆ వాసన దేనిదో పేరు తట్టేలోపే గుండె బరువెక్కేది అందుకే. మనిషి ముక్కులో వాసనలను పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు పనిచేస్తుంటాయి. వాటి జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనిపెట్టారు. 2004లో దానికే నోబెల్ వచ్చింది.

మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం కూడా వాసనే. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లో తగిలే రుచి) వరకే నాలుక పని. మిగతాదంతా నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే ఆవిర్ల పుణ్యం. జలుబు చేసినప్పుడు చారు వట్టి పుల్లటి నీళ్లలా అనిపించేది అందుకే.

పచ్చిపులుసు పెద్ద వంటేమీ కాదు. చింతపండు నానబెట్టి పిసికి, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, ఉల్లిగడ్డ ముక్కలు, వేయించిన నువ్వుల పొడి కలిపి, పైన పోపు. మరిగించే పనే లేదు కాబట్టి ఆవిరితో పాటు వాసనలు ఎగిరిపోవు. ఉల్లిగడ్డ కణంలో ఒక ఎంజైమ్ ఒక అరలో, గంధకం ఉన్న పదార్థాలు ఇంకో అరలో ఉంటాయి. కత్తి పడి గోడలు తెగాక రెండూ కలుస్తాయి. ఘాటు పుట్టేది అప్పుడే. ఎంత సన్నగా తరిగితే అంత ఘాటు.

ఆవాలదీ ఇదే పద్ధతి. ఆవకాయలో ఆవపిండికి తడి తగలగానే ఎంజైమ్ పని మొదలుపెట్టి ముక్కు అదరగొడుతుంది. అవే ఆవాలు కాగిన నూనెలో పడితే ఆ ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది. గింజలోని తేమ ఆవిరై చిటపటమని పేలుతుంది, ఘాటు పోయి కమ్మదనం మిగులుతుంది. జీలకర్రకు ఆ వాసననిచ్చే క్యుమినాల్డిహైడ్ లాంటివి నీళ్లలో అంతగా కరగవు, నూనెలో హాయిగా కరుగుతాయి. ఇవేవీ తెలియకుండానే మనవాళ్లు పోపు కనిపెట్టారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వాసనతో తట్టిలేచే జ్ఞాపకాలు ఎక్కువగా పదేళ్లలోపు వయసువని పరిశోధకులు గమనించారు. మాటలతోనో ఫొటోలతోనో గుర్తుచేస్తే పదకొండు నుంచి ఇరవై ఏళ్ల మధ్య జరిగినవి ఎక్కువ వస్తాయట. మొదటిసారి దేనితో ముడిపడిందో వాసన దాన్ని అంత తేలిగ్గా వదలదు.

మరి బిర్యానీ? హైదరాబాద్‌లో ఉంటూ ఈ మాట అంటే ఇంటి మీద రాళ్లు పడతాయేమో గానీ, బిర్యానీ వాసన నాకు ఎవరినీ గుర్తుచేయదు. పెళ్లిళ్లు, ఆఫీసు పార్టీలు, మ్యాచ్ ఉన్న రాత్రులు, ఒక్క వాసనకు వంద ముడులు. ఒకే ఆనవాలుకు ఎన్ని జ్ఞాపకాలు తగిలిస్తే వాటిలో ఒక్కదాన్ని బయటికి లాగడం అంత కష్టమని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. పచ్చిపులుసు కూడా వందలసార్లు తిన్నాను, కానీ ఒకే ఇంట్లో, ఒకే చేతివంట. అమ్మది గుంటూరు వైపు, మా ఇంట్లో మజ్జిగపులుసే. అందుకే పచ్చిపులుసుతో ఫలానా రోజంటూ గుర్తుకు రాదు, ఆ ఇల్లంతా ఒక్కసారిగా వస్తుంది.

కిందటి నెల నేనే చేద్దామని కూర్చున్నాను. గ్యాస్ మీద కాల్చిన మిర్చిలో నాయనమ్మ ఇంటి వాసన లేదు. ఇస్త్రీ బండి ఆయన్ని అడిగి గుప్పెడు బొగ్గులు తెచ్చాను. అదీ కుదరలేదు. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ కాలితే గ్వాయకాల్ లాంటి పదార్థాలు పుడతాయి, పొగవాసనలో వాటిది పెద్ద వాటా. బొగ్గు చేసేటప్పుడే అదంతా పోయి ఉంటుంది. చివరికి టెర్రస్ మీద ఎండుపుల్లలు ముట్టించాను. కింది ఫ్లాట్ ఆవిడ టెన్షన్ పడి పైకొచ్చి చూసి వెళ్లారు.

నాన్నకు గిన్నెలో పోసిచ్చాను. అన్నంలో కలుపుకొని రెండు ముద్దలు తిన్నారు. ఏమీ అనలేదు. మళ్లీ పోయించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "పొగ మంచిగ పట్టింది బిడ్డా. కని మా అమ్మ ఉల్లిగడ్డ ఇంత సన్నగ కోయకపోయేది."