పెరడు బాగుచేస్తే కలుపు ఎందుకు రెట్టింపవుతుంది?

అనంతపురం జిల్లా పల్లెల్లో తాళం పడిన తోట ఇళ్ళు చాలానే కనిపిస్తాయి. బోరు ఎండిపోయాక కొందరు టౌనుకు, కొందరు బెంగళూరుకు వెళ్ళిపోయారు. ఇప్పుడు వాళ్ళలో కొంతమంది తిరిగొచ్చి, ఇంటి చుట్టూ ఉన్న పెరట్లో నాలుగు రకాల కూరగాయలు పండించుకుందామని చూస్తున్నారు. ఇది నాకు ఎంతో సంతోషం కలిగించే మార్పు. అయితే దాదాపు అందరూ ఒకేలా మొదలుపెడతారు. జేసీబీని పిలిచి కంపంతా పెకలిస్తారు, కుప్పేసి కాలుస్తారు, నేల చదును చేసి వానకు ఎదురుచూస్తారు. వాన పడ్డ కొద్ది రోజులకే పెరడంతా పచ్చబడుతుంది. చూస్తే అంతా కలుపే. "ఇంత శుభ్రం చేశాం కదా, మళ్ళీ ఎక్కడి నుంచి వచ్చింది?" అని దిగులుపడతారు. ఎక్కడి నుంచో రాలేదు, అది అక్కడే ఉంది. మనమే దాన్ని నిద్రలేపాం.

విత్తనం ఎంత కాలం నిద్రపోగలదో తేల్చడానికి అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో ఇరవై సీసాల్లో ఇసుకతో పాటు కలుపు విత్తనాలు నింపి భూమిలో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకొకసారి ఒక్కో సీసా తీసి మొలకెత్తించి చూస్తున్నారు. 2021లో తీసిన సీసాలో కూడా కొన్ని గింజలు మొలిచాయి. పదేళ్ళు పాడుబడిన పెరడంటే విత్తనానికి చాలా చిన్న వ్యవధి.

మరి ఆ గింజకు లేవాల్సిన వేళ ఎలా తెలుస్తుంది? వెలుతురును బట్టి. 1952లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు లెట్యూస్ ఆకుకూర గింజల మీద ఎర్ర కాంతి ప్రసరింపజేస్తే అవి మొలిచాయి. ఆ వెంటనే, మన కంటికి సరిగా ఆనని దూరపు ఎరుపు కాంతి చూపిస్తే మొలకెత్తడం మానేశాయి. ఎన్నిసార్లు మార్చి మార్చి చూపించినా, చివర పడిన కాంతి ఏదైతే గింజ దాని మాటే విన్నది. ఈ వెలుగును పసిగట్టే పదార్థానికి ఫైటోక్రోమ్ అని పేరు. ఆకులు ఎర్ర కాంతిని తాగేసి దూరపు ఎరుపును కిందికి వదిలేస్తాయి. కాబట్టి చెట్టు నీడలో ఉన్న గింజకు 'పైన ఎవరో ఉన్నారు, ఇప్పుడు లేచి లాభం లేదు' అనే కబురే అందుతుంది. కంప కొట్టేసిన రోజున ఆ కబురు మారిపోతుంది. లోతుగా దున్నినప్పుడు కింది గింజలు క్షణకాలం వెలుతురు చూసి మళ్ళీ మట్టిలోకి పోయినా చాలు, వాటిలో చాలా రకాలు మొలకకు సిద్ధమవుతాయి. తోటకూర, గునుగు లాంటి సన్నగింజల మొక్కలు ఇందులో ముందుంటాయి.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే. ఒక రోజులో పట్టాతోనో ఆకుచెత్తతోనో ఎంత జాగా కప్పగలరో అంతే జాగా తెరవండి. మిగతాది అలాగే ఉండనివ్వండి. పెరడంతా ఒకేసారి బోడి చేసే పని ఈ నేలలో అసలు వద్దు.

'ఈ నేలలో' అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానంటే, మన ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, మట్టిరేణువులను పట్టి ఉంచే జిగురు తక్కువ. కప్పు లేని నేల మీద వాన చినుకు నేరుగా పడితే మట్టిగడ్డ చితికి, సన్నటి బంకమట్టి రేణువులు పైపొరలోని రంధ్రాలను పూడ్చేస్తాయి. ఎండ తగలగానే ఆ పొర పెచ్చులా బిగుసుకుంటుంది. తర్వాతి వాన ఇంకకుండా పారిపోతుంది, విత్తిన గింజ పెచ్చును చీల్చుకుని బయటికి రాలేక లోపలే వంగిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో ప్రతి చినుకూ లోపలికి దిగాలి. కంప, ఆకులు, చెత్త కాల్చడం కూడా ఇందుకే నష్టం. నేలలో కలవాల్సిన కర్బనం, నత్రజని పొగై పోతాయి. మిగిలే బూడిద నేలలో క్షారగుణాన్ని పెంచుతుంది.

ఇక ఒక్కో మొక్క సంగతి. ముందు సర్కారు తుమ్మ. ఇది మన గడ్డ మీదికి వచ్చిన కథ మన పక్క జిల్లాలోనే మొదలైంది. మద్రాసు అటవీ శాఖ అధికారి బెడ్డోమ్ కోరగా జమైకా నుంచి గింజలు తెప్పించి, 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు ఈరోజు సీమంతా కమ్మేసింది. నేలమట్టానికి నరికితే అది నాలుగింతలు చిగురిస్తుంది, ఎందుకంటే మొగ్గలు ఉండే భాగం కొంత భూమిలోపలే ఉంటుంది. గడారి పట్టి అడుగు లోతుకైనా తవ్వి, ఆ మొదలును తీసేయాల్సిందే. అయితే దీనికి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. ఇది వేళ్ళ బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకునే జాతి, కాబట్టి దాని కింది మట్టి పక్క మట్టి కంటే సారవంతంగా ఉంటుంది. కాకపోతే రాలిన ఆకుల్లోని రసాయనాలు ఇతర గింజల మొలకను అణిచేస్తాయి. ఆకుల పొరను ఎత్తి ఎరువుకుప్పలో వేసి, ఒకటి రెండు వానలు పడనిచ్చి, అక్కడ నారు నాటుకోవచ్చు.

తుంగ విషయం వేరు. ఒక మొక్క పక్కన మెల్లగా మట్టి తీసి చూడండి. అలసంద గింజంత నల్లటి గడ్డ, దాని నుంచి దారంలాంటి కాడ, దాని కొసన ఇంకో గడ్డ, అక్కడి నుంచి మరో కాడ కనిపిస్తాయి. గొలుసు తెగకుండా ఉన్నంతసేపు మొలిచిన గడ్డ మిగతావాటిని అణిచి పెడుతుంది. పైనుంచి పీకితే కాడ పుటుక్కున తెగుతుంది, ఇక ప్రతి గడ్డా దాని దారి అది చూసుకుంటుంది. రోటవేటర్ తోలిన చోట తుంగ ఎందుకు విజృంభిస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. దానికి రెండు బలహీనతలు ఉన్నాయి. ఒకటి ఎండుదల, రెండు నీడ. వేసవిలో గడ్డలను పైకి తీసి ఎండకు వదిలేస్తే తేమ పోయి చచ్చిపోతాయి. మిగిలినవాటి మీద గుబురుగా పెరిగే పైరు నీడ పడితే నీరసిస్తాయి.

వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో సహా పీకండి. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. దాని నూగు, పుప్పొడి తగిలితే కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఉబ్బసం వస్తాయి. పూత లేనిదైతే ఎరువుకుప్పలో నిశ్చింతగా వేయొచ్చు.

రాళ్ళు, పాత పెంకులు తీసేటప్పుడు తేలు, కట్లపాము, చిన్నపింజర ఉంటాయనే అనుకుని పని చేయాలి. బూట్లు తప్పనిసరి. ముందురోజు చీకటి పడ్డాక అతినీలలోహిత టార్చి వేసి చూస్తే తేలు పచ్చనీలంగా మెరుస్తుంది. దాని పైపొరలోని పదార్థాలకు ఆ గుణం ఉంది. పాము కరిస్తే ఒక్క నిమిషం కూడా నాటువైద్యానికి వృథా చేయకుండా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వాసుపత్రికి పోవాలి.

పాత తోట ఇంటి పెరడంతా ఒకే మట్టి కాదు. కళ్యాణదుర్గం వైపు మా బంధువుల పెరట్లో ఒకప్పటి పేడదిబ్బ మీద చెంబెడు నీళ్ళు పోస్తే చూస్తుండగానే ఇంకిపోయాయి. నాలుగు అడుగులు పక్కకు జరిగి పాత కల్లం మీద పోస్తే పక్కకు పారిపోయాయి, కింద తడి గోరంత కూడా దిగలేదు. ఏళ్ళ తరబడి ఎద్దులు, రాతిగుండు తొక్కిన నేల అది. మట్టిరేణువుల మధ్య గాలికి చోటే లేదు. అక్కడ వేరు దిగదు. కొట్టం ఉన్న చోట ముళ్ళతోటకూర దట్టంగా మొలిచిందంటే నత్రజని దండిగా ఉన్నట్టు. వంకాయ, బెండ అక్కడ వేసుకోవాలి. కూలిన గోడ సున్నం పడిన చోట ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. ఆ చోటును కూర్చునే అరుగుకు వదిలేయడం మేలు.

పాత పురుగుమందుల గది దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. పెద్దవాళ్ళను అడగండి, ఎండ్రిన్ డబ్బాలు, బి.హెచ్.సి. పొడి ఎక్కడ పెట్టేవాళ్ళో చెబుతారు. మన దేశంలో ఎండ్రిన్ 1990లో, బి.హెచ్.సి. 1997లో నిషేధమయ్యాయి. కానీ ఇలాంటి మందులు నేలలో ఏళ్ళ తరబడి నిలుస్తాయి. గుమ్మడి, దోస కుటుంబానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. వేరే మొక్కలు అంతగా తీసుకోని ఈ మందులను వాటి వేళ్ళు పట్టి కాయ దాకా చేరుస్తాయి. నిషేధించిన దశాబ్దాల తర్వాత జపాన్‌లో దోసకాయల్లో డీల్‌డ్రిన్, ఎండ్రిన్ అవశేషాలు బయటపడ్డాయి. ఆ గది చుట్టుపక్కల దోస, సొర, గుమ్మడి వద్దు. అసలు తినేవేవీ వేయకుండా పూలమొక్కలు పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇక నిద్రపోతున్న గింజల సంగతి. మన ఎండే మనకు మందు. 1970లలో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కటాన్ బృందం తడిమట్టిపై పారదర్శకమైన పాలిథిన్ పట్టా పరిచి ఎండవేడితో నేలలోని తెగుళ్ళను చంపవచ్చని చూపింది. ఏప్రిల్, మే నెలల్లో నేలను బాగా తడిపి, పలచని పారదర్శకమైన పట్టా పరిచి, అంచుల మీద మట్టి కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్ల పట్టా వద్దు, అది వేడిని తనలోనే ఉంచుకుంటుంది. తడి ముఖ్యం, ఎందుకంటే నీరు పీల్చిన గింజ వేడికి ఓర్వలేదు, ఎండుగింజ ఓర్చుకుంటుంది. చెనిక్కాయను (వేరుశనగను), టమోటాను కుళ్ళబెట్టే బూజు కూడా ఈ వేడికి చాలావరకు చస్తుంది. ఆవగింజలంత గోధుమరంగు ముద్దలుగా మట్టిలో దాక్కునే బూజు అది. తుంగ గడ్డలు లోతున ఉంటే మాత్రం బతుకుతాయి. పట్టా తీశాక మట్టిని మళ్ళీ తిరగేయకూడదు, కింది గింజలు పైకొస్తాయి.

జూన్ తొలి వానకు అక్కడ ఉలవలు చిక్కగా చల్లాలి. కొన్ని వారాల్లో నేల కనబడకుండా కమ్ముకుంటాయి. పూతకు రాకముందు కోసి, అక్కడే పరిచి, పైన ఎరువుగా చివికిన చెనిక్కాయ పొట్టు వేయాలి. పచ్చి పొట్టు వద్దు, దాంతో పాటు చేనులోని బూజు రావచ్చు. అనంతపురంలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. కాబట్టి ఆగస్టు ఆఖరుకల్లా ఆ కప్పును జానెడు పక్కకు తీసి వంకాయ, టమోటా నారు నాటుకోవాలి, మటిక్కాయ (గోరుచిక్కుడు), బెండ గింజలు పెట్టుకోవాలి.